ఆ పదకొండు డబ్బాలు

నరసరావుపేటలో మా మేనత్త వంటింట్లో, పొయ్యి పై అరలో, ఒకే సైజు తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు పదకొండు ఉన్నాయి. ఒకదాంట్లో ఆవాలు, ఒకదాంట్లో జీలకర్ర, ఇంకోదాంట్లో మెంతులు, వాము, ఎండుమిరపకాయలు. మూత గట్టిగా పడుతుందని, పురుగు పట్టదని, వాటిని కడిగి ఎండబెట్టి పోపు సామాను పోసుకుంది. నీళ్ళలో నానబెట్టి గీకినా లేబుళ్ళు పూర్తిగా ఊడలేదు. ఒక డబ్బా మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ సగం మిగిలింది. వాము డబ్బా మీద 'గట్ హెల్త్' అన్న అక్షరాలు ఇప్పటికీ చదవొచ్చు.

పద్నాలుగు నెలల పాటు పొద్దున రెండు, రాత్రి రెండు చొప్పున ఆవిడ మింగిన క్యాప్సూళ్ళ తాలూకు డబ్బాలవి. ఆ పద్నాలుగు నెలలూ దొడ్డికి వెళ్ళినప్పుడల్లా ఆవిడకు రక్తం పడుతూనే ఉంది.

ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే మాటా అది? యాభై ఎనిమిదేళ్ళ ఆడమనిషి ఆ మాట మొగుడితో అంటుందా, కొడుకుతో అంటుందా? పొద్దున తనతో పాటు వాకింగ్‌కి వచ్చే స్నేహితురాలితో అంది. ఆవిడేమో ఒక గొలుసుకట్టు వ్యాపారంలో చేరి ఉంది. "మొలలేలే వదినా. పేగుల్లో పేరుకున్న చెత్త పోతే అవే తగ్గుతాయి. ఇది వాడితే పేగు క్యాన్సర్ కూడా దరిదాపుల్లోకి రాదంట" అని మొదటి డబ్బా ఇచ్చింది. డబ్బా రెండు వేల రెండొందలు. ఆ స్నేహితురాలి మీద నాకు కోపం లేదు. తనూ అదే మింగేది, తన కూతురికీ అదే పెట్టేది. ఫంక్షన్ హాల్లో రెండొందల మందిని కూర్చోబెట్టి, తెర మీద పేగుల బొమ్మలు వేసి, ఆ మాటలు ఆమె నోట్లో పెట్టిన వాళ్ళున్నారే, వాళ్ళ మీద నాకు కోపం.

చివరికి గుంటూరులో ఒక సర్జను దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన గ్లౌజు తొడుక్కుని, వేలు పెట్టి చూశాడు. ఒక్క నిమిషం పట్టింది. పురీషనాళంలో గడ్డ వేలికి తగిలింది. మూడో దశ. ముందు రేడియేషన్, కీమో, తర్వాత ఆపరేషన్, ఇప్పుడు పొట్ట పక్కన సంచి. ఆ ఒక్క నిమిషం పని పద్నాలుగు నెలల కిందట జరిగి ఉండాల్సింది. జరగనివ్వకుండా అడ్డుపడింది ఆ డబ్బా. అందులో విషం ఉందో లేదో నాకు తెలియదు. విషం లేకపోయినా అది చేయాల్సిన పని చేసింది. ఆవిడకు ధైర్యం ఇచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా ఉండడానికి సరిపడా ధైర్యం.

కడుపు మండి రాస్తున్నాను. మండడానికి కారణం ఒక్క మా అత్త కథే అయితే ఇంట్లో కూర్చుని ఏడ్చేవాణ్ణి. పెద్దపేగు క్యాన్సర్ అన్ని క్యాన్సర్ల లాంటిది కాదు, అందుకు మండుతోంది. 'నివారణ' అనే మాటను నోరారా అనగలిగిన అతి కొద్ది క్యాన్సర్లలో ఇది ఒకటి. చాలావరకు ఇది పేగు లోపలి గోడ మీద పాలిప్ అనే చిన్న బుడిపెగా మొదలవుతుంది. అది క్యాన్సర్‌గా ముదరడానికి మామూలుగా పదేళ్ళ దాకా పడుతుంది. పదేళ్ళు! ఏ శత్రువు ఇంత గడువిస్తాడు? ఆ గడువులో ఎప్పుడు కనిపెట్టినా తీగ ఉచ్చు వేసి తుంచి పారేయొచ్చు. 1993లో ఫలితం వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో 1,418 మందిని ఏళ్ళ తరబడి వెంబడించి చూశారు. పాలిప్స్ తీసేసిన వాళ్ళలో, ఊహించిన దానితో పోలిస్తే ఈ క్యాన్సర్ 76 నుంచి 90 శాతం తక్కువగా వచ్చింది. ఇలా కళ్ళెదుట దారి ఉన్న జబ్బుకు డబ్బాలు అమ్ముతున్నారు. దారి లేని చోట జనం గుడ్డిగా దేన్నో పట్టుకున్నారంటే అర్థం చేసుకుంటాను. ఉన్న దారికి అడ్డంగా దుకాణం పెట్టిన వాణ్ణి ఎలా క్షమించాలి?

"మందు కాదు కదండీ, విటమినే కదా, నష్టమేముంది?" అంటారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మన భీమవరం దాకా వెళ్ళాలి.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో అక్కడ పుట్టారు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో మనిషి కరిగిపోయే జబ్బు అది. ఆయనకూ వచ్చింది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. తర్వాత అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. స్ప్రూలో పాలిపోయిన రక్తానికి అది మందయింది. సొంత అన్నదమ్ములను మింగిన జబ్బుకు జవాబు వెతికి పట్టిన మనిషి. ఒక విటమిన్‌కు ఇంతకంటే గొప్ప పుట్టుక ఉంటుందా?

ఆ తర్వాతి కథ ఎవరూ చెప్పరు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ యాసిడ్ తరహా పదార్థాలు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గలేదు సరికదా, ఇంకా ఉరకలేసినట్టు కనిపించింది. కణం చీలి రెండు కావాలంటే ఫోలేట్ కావాలి. ఊరికే కూర్చోని క్యాన్సర్ కణానికి అది మేత. అది గమనించి ఫార్బర్ ఎదురు దారి పట్టాడు. మేత పెట్టడం మాని, మేతకు అడ్డం పడే మందు కావాలన్నాడు. ఆ మందు, అమినోప్టెరిన్, సుబ్బారావు గారి ప్రయోగశాల నుంచే వెళ్ళింది. 1948 జూన్‌లో ఫార్బర్ అచ్చు వేయించిన పత్రంలో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. కీమోథెరపీకి అదొక ఆరంభం. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు.

విటమిన్ అయినా సరే, ఎవరి ఒంట్లోకి, ఏ సమయంలో, ఎంత వెళ్తోంది అన్నదాన్ని బట్టి అది అమ్మ అవుతుంది, లేదా దాయాది అవుతుంది. ఈ సంగతి తెలుగువాడి చేతి మీదుగానే లోకానికి తెలిసింది. అయినా ఇవాళ మనకే 'సహజం కాబట్టి హాని లేదు' అని పాఠం చెప్తున్నారు.

పేగు దగ్గరికే వస్తాను. ఫోలేట్ ఎక్కువున్న ఆకుకూరలు, పప్పులు తినే వాళ్ళకు పెద్దపేగు క్యాన్సర్ తక్కువని సర్వేల్లో కనిపించింది. బిళ్ళ వేస్తే ఇంకా మంచిది కదా అనుకున్నారు. ఒకసారి పాలిప్స్ తీయించుకున్న 1,021 మందిని తీసుకుని, కొందరికి రోజుకు ఒక మిల్లీగ్రాము ఫోలిక్ యాసిడ్, కొందరికి ఉత్త బిళ్ళ ఇచ్చారు. 2007లో ఫలితం వచ్చింది. పాలిప్స్ తిరిగి రావడం తగ్గలేదు. పైగా కొన్నేళ్ళ తర్వాత చూస్తే, ముదురు పాలిప్స్ ఫోలిక్ యాసిడ్ వాడిన వాళ్ళలో 67 శాతం ఎక్కువగా కనబడ్డాయి. మగవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ కూడా ఎక్కువ కనిపించింది. 2013లో ఇలాంటి ట్రయల్స్ పదమూడు కలిపి, దాదాపు 50 వేల మంది లెక్కలు చూశారు. మొత్తం మీద క్యాన్సర్ పెరిగిందని తేలలేదు, తగ్గిందనీ తేలలేదు. నేను భయపెట్టడానికి రాయడం లేదు కాబట్టి ఆ మాటా చెప్తున్నాను. గర్భిణులకు, రక్తం తక్కువైన వాళ్ళకు డాక్టరు ఫోలిక్ యాసిడ్ రాస్తే తప్పక వేసుకోవాలి, పుట్టబోయే బిడ్డ వెన్నుకు అది రక్ష. పేగు క్యాన్సర్ రాకుండా మాత్రం అది కాపాడదు.

ఇసబ్‌గోల్ పొట్టు సంగతి చూడండి. మన ఇళ్ళలో మలబద్ధకానికి రాత్రి గ్లాసుడు నీళ్ళలో కలుపుకుని తాగేదే. గుజరాత్, రాజస్థాన్ పొలాల నుంచి ప్రపంచమంతా వెళ్తుంది. మలబద్ధకానికి మంచిదే, కాదన్నవాడు లేడు. ఆఫ్రికాలో పనిచేసిన డెనిస్ బర్కిట్ అనే సర్జను 1970ల మొదట్లో ఒక మాటన్నాడు, పీచు తినే ఊళ్ళలో ఈ క్యాన్సర్ లేదని. ఆ మాట నుంచి పీచు డబ్బాల వ్యాపారం మొలిచింది. యూరప్‌లో పాలిప్స్ తీయించుకున్న వాళ్ళకు రోజుకు మూడున్నర గ్రాముల ఇసబ్‌గోల్ మూడేళ్ళు ఇచ్చి చూశారు. 2000లో ఫలితం. ఉత్త పొడి తాగిన వాళ్ళలో నూటికి 20 మందికి పాలిప్స్ తిరిగొస్తే, ఇసబ్‌గోల్ తాగిన వాళ్ళలో 29 మందికి వచ్చాయి. తగ్గుతుందని పెట్టిన ట్రయల్! అదే ఏడాది అమెరికాలో గోధుమ తవుడు పీచు మీద ఇంకో ట్రయల్ ఫలితం వచ్చింది, అందులోనూ లాభం లేదు.

జొన్నరొట్టె, దంపుడు బియ్యం, పప్పు, ఆకుకూర తినేవాళ్ళకు ఈ జబ్బు తక్కువ అన్నది మాత్రం ఇప్పటికీ నిలబడే ఉంది. తిండి వేరు. తిండిలోంచి ఒక్క ముక్క పీకి, ఎండబెట్టి, దంచి, డబ్బాలో పోసింది వేరు. జొన్నరొట్టె తినే మనిషి రోజూ ఏం పని చేస్తాడు, ఎంత నడుస్తాడు, దాంతో పాటు ఏం తింటాడు, ఏం తినడు, ఇవన్నీ ఆ డబ్బాలో పడతాయా?

విటమిన్ సీ, ఈ, బీటా కెరోటిన్. 1994లో 864 మంది మీద, నాలుగేళ్ళు. పాలిప్స్ విషయంలో ఏమీ ఒరగలేదు. అదే ఏడాది ఫిన్లాండ్ నుంచి వచ్చిన వార్త ఇంకా ఘోరం. 29,133 మంది పొగతాగే మగవాళ్ళలో బీటా కెరోటిన్ మింగిన వాళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. అంత పెద్ద హెచ్చరిక వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా, 'యాంటీ ఆక్సిడెంట్' అనే మాట మన మెడికల్ షాపుల అద్దాల మీద దేవుడి పటంలా వెలుగుతూనే ఉంది.

కాల్షియం ఒక్కటి కాస్త ఆశ చూపింది. చూపలేదంటే అబద్ధమవుతుంది. 1999లో 930 మంది మీద జరిగిన ట్రయల్‌లో ఉత్త బిళ్ళ వాళ్ళలో 38 శాతం మందికి పాలిప్స్ తిరిగొస్తే, కాల్షియం వాళ్ళలో 31 శాతానికి తగ్గాయి. అప్పట్లో సంబరపడ్డారు. తర్వాత 36,282 మంది ఆడవాళ్ళలో కొందరికి కాల్షియం, విటమిన్ డీ కలిపి, కొందరికి ఉత్త బిళ్ళ ఏడేళ్ళు ఇచ్చి, పాలిప్స్ కాదు, క్యాన్సర్‌నే లెక్కపెట్టారు. 2006లో తేలింది. కాల్షియం, విటమిన్ డీ మింగిన వాళ్ళలో 168 మందికి, ఉత్త బిళ్ళ వాళ్ళలో 154 మందికి క్యాన్సర్. తేడా లేదనే లెక్క. 2015లో మళ్ళీ 2,259 మంది మీద విటమిన్ డీ, కాల్షియం విడివిడిగా, కలిపి పరీక్షించారు, లాభం లేదు. ఆ మనుషులనే ఇంకా కొన్నేళ్ళు వెంబడించి 2018లో చెప్పిన మాట ఏమిటంటే, కాల్షియం తీసుకున్న వాళ్ళలో ఇంకో రకం పాలిప్స్, పేగు గోడకు అంటుకుపోయి కంటికి ఆనని రకం, ఎక్కువగా వచ్చాయని. విటమిన్ డీ ఒక్కదాన్నే పాతిక వేల మందికి పైగా మనుషుల మీద ఐదేళ్ళు పరీక్షించారు. క్యాన్సర్ రావడం తగ్గలేదు.

ఇక పసుపు. ఈ మాట ఎత్తితే ఊళ్ళో నా మీద యుద్ధానికి వస్తారని తెలుసు. దుగ్గిరాల పసుపు మా ఇంటి గడపకు రాసుకునేది, నిజామాబాద్ పసుపు కొమ్ము ఏ పెళ్ళిలోనైనా మెడలో కట్టుకునేది. కూరలో వేసుకునే పసుపు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పసుపులోంచి తీసిన కర్‌క్యుమిన్ గురించి మాట్లాడుతున్నాను. వంశపారంపర్యంగా పేగునిండా వందల పాలిప్స్ వచ్చే జబ్బొకటి ఉంది. ఆ జబ్బున్న 44 మందిలో కొందరికి రోజుకు మూడు గ్రాముల కర్‌క్యుమిన్, కొందరికి ఉత్త బిళ్ళ, ఏడాది పాటు ఇచ్చారు. 2018లో ఫలితం. పాలిప్స్ సంఖ్యలో గానీ సైజులో గానీ తేడా లేదు. మింగిన కర్‌క్యుమిన్ రక్తంలోకి సరిగా ఎక్కదు. ఎక్కడానికని మిరియాల సారం కలిపి అమ్ముతున్నారు. అలా ఎక్కించిన డబ్బాలు వాడి కాలేయం దెబ్బతిన్న వాళ్ళ వివరాలు వైద్య పత్రికల్లో వరసగా వస్తున్నాయి. మన అమ్మమ్మ ఏనాడూ చారెడు పసుపు సారం మిరియాలతో మింగలేదు. ఆమె పేరు చెప్పి అమ్మే హక్కు వీళ్ళకు ఎవరిచ్చారు?

ఒక బిళ్ళ నిజంగా పనిచేసింది. ఆస్పిరిన్. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం ఉన్న 861 మందిలో కొందరికి రోజుకు 600 మిల్లీగ్రాములు సగటున రెండేళ్ళకు పైగా, కొందరికి ఉత్త బిళ్ళ ఇస్తే, పదేళ్ళ తర్వాత ఉత్త బిళ్ళ వాళ్ళలో 13 శాతం మందికి, ఆస్పిరిన్ వాళ్ళలో 9 శాతం మందికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. ఆ పరిశోధనలోనే పీచులాంటి పిండి పదార్థం కూడా ఇచ్చి చూశారు, పేగు క్యాన్సర్ మీద దాని ప్రభావం కనిపించలేదు. ఆస్పిరిన్ కడుపులో రక్తస్రావం తెస్తుంది, మెదడులోనూ తేవచ్చు. ఎవరికి ఇవ్వాలో డాక్టరు జన్యు పరీక్ష చూసి తేలుస్తాడు. పనిచేసే మందుకు ఇన్ని కట్టుబాట్లు. పనిచేయని డబ్బాకు ఏ కట్టుబాటూ లేదు, వాకింగ్ ట్రాక్ మీద చేతులు మారుతుంది.

కట్టుబాటు లేదన్నాను గానీ, చట్టం ఉంది. 1954లోనే వచ్చింది, అభ్యంతరకర ప్రకటనల చట్టం. దాని జాబితాలో క్యాన్సర్ ఉంది. ఫలానా మందు క్యాన్సర్‌ను నయం చేస్తుందనే కాదు, రాకుండా ఆపుతుందని ప్రకటించడం కూడా నేరమే. సప్లిమెంట్ డబ్బా మీద 'వైద్య అవసరాలకు కాదు' అనే అర్థం వచ్చే మాట ఇంగ్లీషులో అచ్చు వేయాలన్న నిబంధన ఉంది. వేస్తారు, చీమ తలకాయంత అక్షరాల్లో. అసలు కిటుకు ఇక్కడే ఉంది. డబ్బా మీద 'గట్ హెల్త్' అని ఉంటుంది. 'క్యాన్సర్ రాదు' అన్న మాట డబ్బా మీద ఉండదు, ఫంక్షన్ హాల్లో మైకులో ఉంటుంది, వాట్సాప్ ఆడియోలో ఉంటుంది, వాకింగ్ ఫ్రెండ్ నోట్లో ఉంటుంది. లేబుల్ కడిగిన ముత్యం. అబద్ధమంతా నాలుకల మీద నడుస్తుంది, నాలుకకు బ్యాచ్ నంబరు ఉండదు. అధికారులు డబ్బాల శాంపిళ్ళు తీస్తే ఏం దొరుకుతుంది? ఒక్కసారి ఆ ఫంక్షన్ హాల్లో వెనక కుర్చీలో కూర్చోమనండి. కేసు అక్కడుంది.

ప్రభుత్వాన్నీ అడగాలి. ఇంటింటికీ వచ్చే క్యాన్సర్ స్క్రీనింగులో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి. మంచిదే. పేగు లేదు. మన దేశంలో ఏటా సుమారు 70 వేల మందికి ఈ క్యాన్సర్ వస్తోంది. జనాభాతో చూస్తే పడమటి దేశాల కంటే చాలా తక్కువ, అందుకే గొట్టం పంపి పేగు లోపల చూసే కొలనోస్కోపీని ఊరందరికీ చేయమని నేను అడగడం లేదు. కానీ మన దగ్గర యాభై లోపు వాళ్ళకు రావడం ఎక్కువగా చూస్తున్నామని, ముదిరాక వస్తున్నారని డాక్టర్లు ఏళ్ళ తరబడి చెప్తున్నారు. ఇంట్లో ఒకరికి వచ్చిందంటే మిగతా వాళ్ళను పిలిచి మల పరీక్ష చేయడానికి ఏం అడ్డం? మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టే పరీక్ష అది. అమెరికాలో మినెసోటాలో 46 వేల మందికి పైగా మనుషుల మీద చేసి, ఏటా చేయించుకున్న వాళ్ళలో ఈ క్యాన్సర్ చావులు 33 శాతం తగ్గాయని 1993లోనే తేల్చారు. రక్తం పడుతోందని వచ్చిన మనిషిని 'మొలలు' అని పంపేసే ముందు గ్లౌజు తొడుక్కుని చూడాలన్న నియమం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పెడితే ఖజానాకు పడే భారం ఎంత? ఒక జత గ్లౌజులు. బస్టాండు గోడల నిండా 'మొలలకు గ్యారంటీ వైద్యం' రాతలున్నాయి. వాటి పక్కన 'రక్తం పడితే డాక్టరుకు చూపించు' అన్న రాత ఒక్కటీ లేదు.

డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుకు వచ్చినప్పుడల్లా సూట్‌కేసు నిండా విటమిన్ డబ్బాలు తెస్తాడు. ప్రేమతోనే తెస్తాడు. వాడుండే దేశంలో 45 ఏళ్ళు నిండినప్పటి నుంచే పేగు పరీక్ష చేయించుకోవాలని ఒక నిపుణుల బృందం 2021 నుంచి చెప్తోంది. క్యాన్సర్ రాకుండా విటమిన్ ఈ, బీటా కెరోటిన్ వాడొద్దని 2022లో చెప్పిందీ ఆ నిపుణుల బృందమే. ఒరేయ్ తమ్ముడూ, సూట్‌కేసులో తేవాల్సింది ఆ రెండు మాటలు. బరువు కూడా ఉండవు.

అత్త ఆపరేషన్ అయిన మూడు నెలలకు నాన్నను కొలనోస్కోపీకి ఒప్పించాను. ఆమె తోడబుట్టినవాడు, అరవై నాలుగేళ్ళు, తనకేమీ లేదంటాడు. ముందురోజు రాత్రి రెండు లీటర్ల ఉప్పటి మందు నీళ్ళు తాగాలి. మూడో గ్లాసు దగ్గర "నావల్ల కాదురా" అన్నాడు. నిమ్మకాయ పిండి ఇచ్చాను. తెల్లవార్లూ బాత్రూము చుట్టూ తిరిగాడు. పొద్దున మత్తిచ్చి చేశారు, తర్వాత డాక్టరు నాకు తెర మీద చూపించాడు. లేత గులాబీ రంగు పేగు గోడ, దాని మీద శనగగింజంత బుడిపె. తీగ ఉచ్చు వచ్చింది, దాని మెడకు బిగిసింది, చిన్న పొగ, అంతే. ఊడిపోయింది. నాన్నకు నొప్పి కూడా తెలియదు. బయాప్సీలో క్యాన్సర్ లేదు, వదిలేస్తే అటు పోగల రకం. మొత్తం ఖర్చు అత్త డబ్బాల ఖర్చులో సగం.

ఆ సాయంత్రం అత్తకు ఫోను చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అన్నయ్యకు నొప్పి పెట్టలేదుగా" అంది. లేదన్నాను. "మరి సుజాతకు?" అంది. సుజాత తన కూతురు, ముప్పై ఆరేళ్ళు. నలభై వచ్చేసరికి తప్పకుండా చేయించాలని డాక్టరు చెప్పాడని అన్నాను. "అంటే ఇంకా నాలుగేళ్ళు" అంది అత్త. "ఒరేయ్, అప్పటికి నేనున్నా లేకపోయినా దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది నువ్వే. అది డబ్బాలు తెచ్చుకుంటే విసిరి కొట్టు."